పెద్దాయన ప్రోగ్రాంతో బోణీ

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అడిగినా చెప్తారు, మా ల్యాబ్‌లో అడిగినా చెప్తారు. గాజువాక నుంచి రుషికొండకి రోజూ రెండు బస్సులు మారి వెళ్తాను కదా, ఆ కండక్టర్లని అడిగినా చెప్తారు. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పబోయేదాంట్లో సగం చెడగొట్టింది నా కోపమే, మిగతా సగం నిలబెట్టిందీ అదే.

నేను చేసే పని కంపైలర్ రాయడం. మా అత్తగారు చుట్టుపక్కల వాళ్ళకి "మా కోడలు కంప్యూటర్లు బాగుచేస్తుంది" అని చెప్తారు. మొదట్లో దిద్దేదాన్ని, తర్వాత మానేశాను. మనిషి రాసిన ప్రోగ్రాంని మెషిన్‌కి అర్థమయ్యే పనిగా మార్చిపెట్టేదే కంపైలర్. అలాంటివి లోకంలో బోలెడున్నాయి. మేం కట్టాలనుకున్నది ఇంకో రకం. సైన్సు వాళ్ళ పాత లెక్కలు చాలావరకు ఒక్కడే కూర్చుని వరసగా చేసుకుపోతున్నట్టు రాసి ఉంటాయి. ఇప్పటి పెద్ద మెషిన్లలో ఒక్కడు కాదు, వందలమంది పనివాళ్ళున్నట్టు లెక్క. ఆ పాత ప్రోగ్రాం చదివి, ఏ ముక్క ఎవరికివ్వొచ్చో, ఎవరు ఎవరికోసం ఆగాలో తనంతట తనే తేల్చుకుని, అందరికీ పని పంచిపెట్టే కంపైలర్ కావాలి మాకు. ప్రోగ్రాం రాసినవాళ్ళు ఒక్క అక్షరం కూడా మార్చుకోనక్కర్లేదు. అదీ మా గొప్ప.

దాన్ని పరీక్షించడానికి పెట్టుకున్న ప్రోగ్రాం మా సార్‌ది. నాకు చదువు చెప్పిన సార్. ల్యాబ్‌లో మిగతావాళ్ళకి పెద్దాయన. రిటైరై చాలా ఏళ్ళయింది. బయట సముద్రంలో అల లేస్తే అది హార్బర్‌లోకి ఎలా వస్తుంది, రాతిగట్టుకి కొట్టుకుని ఎలా వెనక్కి మళ్ళుతుంది, కట్టేసిన ఓడ దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున ఊగుతాయి, ఇదీ ఆ లెక్క. హార్బర్ మొత్తాన్ని గళ్ళ పుస్తకంలా గళ్ళు చేసి, ఒక్కో గడిలో నీటి ఎత్తు తేలుస్తుంది. వేల లైన్ల ప్రోగ్రాం. అంతా ఆయన ఒక్కరే రాశారు. దాంట్లో చెయ్యి పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఇవాళ పొద్దున మొదలెడితే రేపు పొద్దున వస్తుంది జవాబు.

ప్రాజెక్టు ఇచ్చిన కమిటీ ముందు మొదటి ఏడు చివర్లోనే నేను అనేశాను. "సార్ ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకోం. మీరు టీ తాగేలోపు జవాబు తెప్పిస్తాం. పాత జవాబుకీ దానికీ ఒక్క అంకె తేడా ఉండదు." పని పంచుకుని కూడితే చివరి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయని ఈ రంగంలో అందరికీ తెలుసు. అలా అవకుండా కూడే పద్ధతి కుదర్చడానికే మాకు ఏడాది పట్టింది. అందుకే ఆ మాట అనడానికి నాకు నోరొచ్చింది. వాళ్ళు శుభ్రంగా కాయితం మీద రాసుకున్నారు. మూడో ఏడు వచ్చి చూస్తామన్నారు. మాట నిలబెట్టుకుంటే ప్రాజెక్టు సాగుతుంది. లేకపోతే మాకిచ్చిన పెద్ద మెషిన్ పక్క డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది, మూడేళ్ళ పని అటక మీదకి వెళ్తుంది.

మూడో ఏడు రానే వచ్చింది. చిన్న చిన్న ప్రోగ్రాంలు ఏవి ఇచ్చినా మా కంపైలర్ దులిపి పారేస్తోంది. సార్ ప్రోగ్రాం దగ్గరికొచ్చేసరికి మాత్రం మొరాయిస్తోంది. హార్బర్ అంతా సరిగ్గానే వస్తుంది, ఒక్క రాతిగట్టు అంచున తప్ప. అక్కడి అల ఎత్తు ఒకసారి మోకాలి లోతు, ఒకసారి తాటిచెట్టంత. ఒకరోజైతే హార్బర్ పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ మునిగిపోయేంత అల చూపించింది.

"మేడమ్, ఈ లెక్కన మన గాజువాకలో కూడా సేపలు పట్టుకోవచ్చు," అన్నాడు బావ.

బావ అంటే నాతో కలిసి ఆ కంపైలర్ రాస్తున్నతను. మాదీ గాజువాకే, అతనిదీ గాజువాకే. కనిపించిన మగవాణ్ణల్లా బావా బావా అని పిలిచి చివరికి ఆ పేరు తనకే అంటించుకున్నాడు. నేను పేరు పెట్టే పిలుస్తాను గానీ ఇక్కడికి బావే అనుకోండి. పని పంచే భాగం నేను రాశాను, పంచిన పనికి చోటు ఇచ్చి నడిపించే భాగం అతను రాశాడు. కాబట్టి తప్పు నాదైనా అవ్వాలి, అతనిదైనా అవ్వాలి. సార్ ప్రోగ్రాంలో తప్పుండొచ్చన్న ఊహ కూడా మాకు రాలేదు. ఒక్క పనివాడికే మొత్తం అప్పగిస్తే అదే ప్రోగ్రాం, అదే మెషిన్ మీద, చివరి అంకెదాకా సరైన జవాబిస్తోంది మరి. పంచితేనే చెడుతోంది. అంటే పంచినవాళ్ళదే తప్పు. ఇంకా సందేహం ఏముంది?

నెలన్నర నా కోడ్ నేనే చదువుకున్నాను. బస్సులో చదివాను, కుక్కర్ కూతల మధ్య చదివాను. పక్కింటివాళ్ళ పెళ్ళిలో అక్షింతలు చేతిలో పట్టుకుని మనసులో చదువుకున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది గానీ తప్పు దొరకలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బావ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. "మేడమ్, మీకో దండం. ఆ గట్టు ముక్క ఒక్కటీ పంచకుండా ఒక్కడికే ఇచ్చేద్దాం. కంపైలర్‌లో ఒక చిన్న షరతు ఎట్టేస్తాను. ఈ ప్రోగ్రాం అయితే ఇలా సెయ్, మిగతావైతే మామూలుగా సెయ్. జవాబు కలిసిపోద్ది. కాస్త ఆలస్యమవుద్ది, అంతే. ఎవడికి తెలుస్తాది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవడికి తెలుస్తాదా? నాకు తెలుస్తుంది! రేపు ఇంకో హార్బర్ వాళ్ళు ఇంకో ప్రోగ్రాం తెస్తే దానికో షరతు పెడతావా? దీన్ని కంపైలర్ అంటారా, గారడీ అంటారా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. బావ ముఖం ఎర్రబడింది. అతనికీ ఇద్దరు పిల్లలు, అతనికీ ఈ ఉద్యోగమే ఆధారం. లేచి వెళ్ళి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ షరతు పెట్టేద్దామని మూడో రోజు నాకే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చి మళ్ళీ కోడ్ ముందు కూర్చున్నాను.

ఇంతలో దసరా వచ్చింది. మా ల్యాబ్‌లో ఆయుధపూజ పెత్తనమంతా ఆయమ్మది. ఆయమ్మ అంటే మా అటెండర్. తగరపువలస మనిషి. వాళ్ళమ్మ అక్కడి సంతలో కూరగాయలు అమ్మేది, ఈవిడ చిన్నప్పుడు ఆ గంపల మధ్యే పెరిగింది. పూజ రోజున మెషిన్లన్నీ ఆపేయాల్సిందే, ఆ విషయంలో డైరెక్టర్ మాట కూడా చెల్లదు. నేల కడిగించి, ర్యాకులు తుడిపించి, ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మం దగ్గర గుమ్మడికాయ కొట్టిస్తుంది. సార్ చర్చికి వెళ్ళే మనిషి. పూజ అయ్యేదాకా బయట వరండాలో కుర్చీ వేసుకుని పేపర్ చదువుకుంటారు. తర్వాత ఆయమ్మ చేతి పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తింటారు. ప్రతి ఏడూ అంతే.

"ఏమ్మాయ్, నా అలలు కలిశాయా?" అని ఆ రోజు అడిగారు.

"కలుస్తాయి సార్," అన్నాను. ఆయన ముఖం చూసి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. పులిహోర పక్కన పెట్టేశాను.

పండగ సెలవులయ్యాక మొదటి రోజు పొద్దున్నే మెషిన్లు వేశాం. మాకో అలవాటుంది. ఏ రోజైనా ముందు చిన్న చిన్న టెస్టులు వరసగా నడిపి, అవన్నీ బాగుంటేనే ఆఖర్న సార్ ప్రోగ్రాం నడుపుతాం. ఒక్క బటన్ నొక్కితే ఆ వరసంతా దానంతటదే జరిగిపోతుంది. నేను నొక్కబోతుంటే వెనక నుంచి ఆయమ్మ కేక వేసింది.

"ఓలమ్మో, ఆగండాగండి! పూజైనాక మొదటి బేరం ఇది. సిన్నాసితకా టెస్టుల్తో బోణీ సేత్తారేటి? మాయమ్మ దసరా ఎల్లిన మర్నాడు సంతలో పచ్చిమిరపకాయలు కొనీవోల్లతో బోణీ సేసీదే కాదు. పెద్ద గుమ్మడికాయ కొనీవోడు ఒచ్చేదాకా గంపకి సెయ్యి అడ్డమెట్టీది. పెద్దాయన పోగ్రామెట్టండి ముందల."

నేను విసుక్కున్నాను. "అది ఎలాగూ పాడయ్యేదే కదా ఆయమ్మా, దాంతో బోణీ ఏంటి?"

"నాను సెప్తన్నాను గదేటి. ఎట్టండి."

బావ నవ్వాడు. ఆ గొడవయ్యాక మాట్లాడుకున్నదే తక్కువ, ఆ నవ్వుతో కాస్త మెత్తబడ్డాం. సరే, ఆవిడ మనసెందుకు నొప్పించడం అని టెస్టుల వరస పక్కన పెట్టి, సార్ ప్రోగ్రాం ఒక్కటే నేరుగా నడిపించాను. టీ గ్లాసులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. జవాబు వచ్చింది. పాత జవాబు పక్కన పెట్టి పోల్చమన్నాను.

తేడా లేదు. ఒక్క గడిలో లేదు, ఒక్క అంకెలో లేదు.

 బావ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. ఆయమ్మ రెండు చేతులూ ఎత్తి "తల్లీ!" అని దణ్ణం పెట్టి, "సూసినారా? నా బోణీ సూసినారా?" అని వరండా అంతా చాటింది. రెండు నిమిషాల్లో డైరెక్టర్‌గారు వచ్చేశారు, వెనకే ఇంకో నలుగురు. "ఏదీ, మళ్ళీ ఒకసారి చూపించండి," అన్నారు.

మళ్ళీ నడిపాను. గట్టు అంచున అల కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది.

డైరెక్టర్‌గారు తెర వైపు ఒకసారి చూశారు. "చూడండి, ఇంకా టైముంది," అని వెళ్ళిపోయారు. అంతకంటే తిట్టినా బాగుండేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ కోపం కాస్తా ఎదురుగా ఉన్న ఆయమ్మ మీద పడింది. "చాలు ఆయమ్మా! బోణీ లేదు, గీణీ లేదు. నా బతుకు నన్ను బతకనివ్వండి," అన్నాను. నలుగురి ముందూ అన్నాను.

ఆయమ్మ చిన్నబోయింది. కానీ ఊరుకునే రకం కాదు. చీపురు గోడకి ఆనించి, నా వైపు తిరిగింది.

"బోణీనేటంటారు మేడమ్? బోణీ బాగానే అయినాది. మీరే సూసినారు. ఆ ఎనకాల బేరమే తగలడిపోనాది. దానికి నానేటి సేత్తాను?" అని గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను ఆ మాటే మళ్ళీ అనుకున్నాను. బోణీ బాగుంది. వెనకాల బేరం బాగోలేదు. రెండూ ఒకే ప్రోగ్రాం, ఒకే కంపైలర్, ఒకే మెషిన్. తేడా ఒక్కటే, మొదటిది మొదట నడిచింది. మూడేళ్ళలో సార్ ప్రోగ్రాం ఏ రోజూ మొదట నడవలేదు! మా చక్కటి అలవాటు ప్రకారం చిన్న టెస్టులన్నీ అయ్యాకే నడిచేది.

"మెషిన్ ఆపు," అన్నాను బావతో.

"ఏటి మేడమ్?"

"ఆపి, మళ్ళీ వెయ్యి. వేసి, ముందు సార్ ప్రోగ్రామే పెట్టు."

సరిగ్గా వచ్చింది. రెండోసారి నడిపితే తప్పు వచ్చింది. మళ్ళీ ఆపి వేశాం. మొదటిసారి ఒప్పు, రెండోసారి తప్పు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆరుసార్లు అలా చేసి చూశాం, ఆరుసార్లూ అంతే. బావ అప్పటికి నా ముఖంలోకి చూస్తున్నాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

ఇది అర్థం కావాలంటే పలక గుర్తు తెచ్చుకుంటే చాలు. లెక్క చేసుకోవడానికి మేం ఒక్కో పనివాడికి ఒక్కో పలక ఇస్తాం. పని అయ్యాక ఆ పలకని తుడవం. తుడిచే టైము దండగ, ఎలాగూ తర్వాతి వాడు దాని మీదే రాసుకుంటాడు. రాసుకునే ముందు కావాలంటే తుడుచుకోవాల్సింది ప్రోగ్రామే, ఆ భాషలో నియమం అది. మెషిన్ ఆపి వేసినప్పుడు మాత్రం పలకలన్నీ కొత్తవే, వాటి మీద సున్నాలు తప్ప ఏమీ ఉండవు. అంటే ఎవరో పలక తుడుచుకోకుండానే, పైన ఏముందో దానికే కూడుకుంటూ పోతున్నారు. కొత్త పలకైతే సున్నాకి కూడతారు కాబట్టి జవాబు ఒప్పు. పాత పలకైతే ముందువాడి చిల్లర లెక్కలు కూడా కలిసిపోయి అల కొండెక్కుతుంది. ఒక్క పనివాడికే మొత్తం ఇచ్చినప్పుడు పాత పద్ధతిలో విడిగా ఒక పలక ఇచ్చేవాళ్ళం, అది ఎప్పుడూ కొత్తదే. అందుకే అప్పుడు బాగుండేది.

ఎవరా తుడుచుకోనివాళ్ళు? నేనా, బావా? పట్టుకోవడానికి ఒక పని చేశాం. ప్రతి పలక మీదా సముద్రంలో ఏనాడూ ఉండే అవకాశం లేని ఒక పిచ్చి అంకె ముందే రాసిపెట్టాం. ఎవరైనా తాము రాయకుండా ఆ అంకెని చదివితే, ఏ లైనులో చదివారో చెప్పమని కంపైలర్‌కి కాపలా పని అప్పగించాం. అది రాయడానికి ఆ రోజూ మర్నాడూ పట్టింది. నడిపిన పది క్షణాల్లో దొంగ దొరికాడు.

ఆ లైను నాది కాదు. బావదీ కాదు. సార్ ప్రోగ్రాంలో గట్టుకి కొట్టుకుని మళ్ళే అలల్ని కూడే లైను. ఆ కూడికకి ముందు సున్నా పెట్టే లైను సార్ రాయనే లేదు.

బావ గట్టిగా ఈల వేశాడు. "మేడమ్! మనది తప్పు కాదు! నెలన్నర తిట్టుకున్నాం, తప్పు పెద్దాయనది!" అతని సంతోషం చూసి నాకూ సంతోషం పొంగింది, అబద్ధమెందుకు. మరుక్షణమే సార్ గుర్తొచ్చారు. ఆ ప్రోగ్రాం ఆయనకి బిడ్డ. దాంట్లో ఒక్క అక్షరం ముట్టుకోనని పదిమందిలో అన్నదాన్ని నేను. ఇప్పుడు నేనే వెళ్ళి, సార్, మీరు మొదటి పాఠంలో మాకు చెప్పిందే మీరు మర్చిపోయారు అని ఎలా చెప్పను? "కూడిక మొదలెట్టే ముందు సున్నా పెట్టండర్రా" అని బల్ల మీద డస్టర్‌తో కొట్టి చెప్పిన మనిషి ఆయన.

సార్ దగ్గరికి వెళ్ళే ముందు ఆయమ్మని వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమన్నాను. "పోనీండి మేడమ్, ఆకలేసి అరిసినారు," అని తేల్చేసింది.

ఆదివారం చర్చి అయ్యేదాకా ఆగి, పాత పోస్టాఫీసు దగ్గరున్న సార్ ఇంటికి వెళ్ళాను. ఆయన చర్చికి వేసుకెళ్ళిన తెల్ల చొక్కా ఇంకా మార్చుకోలేదు. ఆ లైను కింద గీత గీసిన ప్రోగ్రాం కాయితాల కట్ట చేతికిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, ఒక్కసారిగా లేచారు.

"నీ కంపైలర్‌దే తప్పు. ఈ ప్రోగ్రాం నీ వయసంత కాలం నడిచింది. ఒక్కనాడు తప్పు చెప్పలేదు. నిన్నగాక మొన్న పుట్టిన నీ కంపైలర్ నాకు పాఠం చెప్తుందా?"

ఆయన కోపం నాకు కొత్త కాదు, నా కోపం ఆయన దగ్గర నేర్చుకున్నదే. నేను కూడా గొంతు పెంచాను. "నియమం ఏంటో మీరే చెప్పండి సార్. సున్నా ఎవరు పెట్టాలి? మీరా, మెషినా?"

ఆయన మళ్ళీ కూర్చున్నారు. పెన్సిల్ తీసుకుని ఆ కాయితాల మీద మొదటి లైను నుంచి వెతకడం మొదలెట్టారు. అలా చాలాసేపు. ఆ సున్నా ఎక్కడైనా పెట్టారేమోనని ఆయన వెతుకుతున్నారు. ఆయనకి దొరికితే బాగుండునని ఒక్క క్షణం నాకూ అనిపించింది. చివరి పేజీ తిప్పి, పెన్సిల్ కింద పెట్టారు.

"మా పాత మెషిన్ అన్నీ తుడిచి ఇచ్చేదమ్మాయ్," అన్నారు మెల్లగా. "మేం అడక్కుండానే. అలవాటైపోయింది. నా జవాబులు ఒప్పే. కానీ నా వల్ల ఒప్పు కాలేదు."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. "సార్, ఆ ఒక్క లైనూ మేం చేర్చేస్తాం. కమిటీకి చెప్పనక్కర్లేదు..."

"నోర్ముయ్!" అన్నారు. నన్ను అలా అని పాతికేళ్ళయింది. "ఒక్క అక్షరం ముట్టుకోనన్నావు కదా? ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు పెట్టు కమిటీ ముందు. నీ కంపైలర్‌ని నన్ను పట్టుకోమను. అందరి ముందూ పట్టుకోమను. దొరక్కపోతే అప్పుడు నిన్నూ దాన్నీ కలిపి తిడతాను."

తిరిగొస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. అలాంటి మనిషి దగ్గర చదువుకున్నానన్న గర్వం పట్టలేకపోయాను. మిగిలిన రోజుల్లో బావా నేనూ ఆ కాపలా పనిని కంపైలర్‌లో శాశ్వతంగా చేర్చేశాం. తెలియక పలక తుడుచుకోనివాళ్ళని ప్రోగ్రాం నడవకముందే ఆపి, లైను నంబరుతో సహా చెప్పాలి. చెప్పే మాట తెలుగులో ఉండాలని నేను పట్టుబట్టాను.

రివ్యూ రోజున కమిటీ నలుగురూ వచ్చారు. వాళ్ళ పెద్ద ఉత్తరాది మనిషి, ముక్తసరిగా మాట్లాడతాడు. సార్ ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చున్నారు, అదే తెల్ల చొక్కా. ఆయమ్మ టీ పళ్ళెంతో గుమ్మంలో ఉంది. "పెద్దాయనదే ముందల ఎట్టండి," అని కళ్ళతోనే సైగ చేసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ రోజు కావాలనే చిన్న టెస్టులన్నీ ముందు నడిపాను. పలకలన్నీ మాసిపోవాలి, నాకు ఏ బోణీ సాయమూ వద్దు. తర్వాత సార్ ప్రోగ్రాం, ఉన్నది ఉన్నట్టు, ఇచ్చాను.

కంపైలర్ ఆగిపోయింది. తెర మీద మూడు వాక్యాలు వచ్చాయి.

"ఆగండి. ఈ లైనులో గట్టు పలక చదువుతున్నారు. దాని మీద ఈ ప్రోగ్రాం ఇంకా ఏమీ రాయలేదు."

కింద లైను నంబరు.  కమిటీ పెద్దకి తెలుగు రాదు. మీ కంపైలర్ ఫెయిలైందా, ఇందులో ఏం రాసుంది అని ఇంగ్లీషులో అడిగాడు. నేను నోరు తెరిచేలోపు సార్ లేచారు.

"ఫెయిలైంది కంపైలర్ కాదు, నేను," అన్నారు. ఆ మూడు వాక్యాలూ ఒక్కోటి ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. ప్రోగ్రాం తనదేనని, ఈ తప్పు తన ఉద్యోగం పొడుగునా తన కళ్ళ ముందే ఉందని, ఏ మెషినూ ఏ మనిషీ పట్టుకోలేదని, ఈ అమ్మాయి కట్టిన కంపైలర్ పట్టుకుందని చెప్పారు. తర్వాత నెమ్మదిగా నడిచి వచ్చి నన్ను కుర్చీలోంచి లేపారు. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక లైను కొట్టారు. గట్టు పలక అంతా సున్నా.

"ఇప్పుడు నడుపు," అన్నారు.

నడిపాను. ఆయమ్మ మొదటి గ్లాసు కమిటీ పెద్ద చేతికిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగాడు. జవాబు వచ్చేసింది. పాత జవాబుతో పోల్చాం. తేడా సున్నా. మళ్ళీ నడపమన్నాడు, మళ్ళీ సున్నా. పనివాళ్ళ సంఖ్య మార్చి నడపమన్నాడు, అదే జవాబు. అయిదోసారికి ఆయనే ముందుకొచ్చి తానే నొక్కాడు. చివరికి గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. నేను పళ్ళు బిగపట్టి నిలబడ్డాను, లేకపోతే అక్కడే బావురుమనేదాన్ని. బావ అయితే ఆగలేదు, డైరెక్టర్‌గారిని పట్టుకుని "సాధించాం బావా!" అని కావలించుకున్నాడు. ఆ మాట ఇప్పటికీ క్యాంటీన్‌లో చెప్పుకుని నవ్వుతారు.

ప్రాజెక్టు నిలబడింది. మెషిన్ ఉన్నచోటే ఉంది. మా కంపైలర్‌ని ఇప్పుడు వేరే ఊళ్ళ వాళ్ళు కూడా వాడుతున్నారు. అలల లెక్కలకే కాదు, ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ కొలిమిలో వేడి లెక్కలకి కూడా వాడుతున్నారు. మా నాన్న ఆ కొలిమి దగ్గరే క్రేన్ నడిపేవాడు. నాకు ఆ కబురు తెలిసిన రోజున మా అత్తగారికి స్వీట్లు తీసుకెళ్ళాను. "కంప్యూటర్ బాగయిందా?" అని అడిగారు. "బాగయింది అత్తయ్యా," అన్నాను.

టెస్టుల వరస మాత్రం మార్చేశాం. కంపైలర్‌లో ఏ చిన్న మార్పు చేసినా, పొద్దున మొట్టమొదట నడిచేది సార్ ప్రోగ్రామే. దిద్దింది కాదు, పాతది, ఆ సున్నా లేనిది. దాన్ని పట్టుకుని ఆపితేనే మిగతా టెస్టులు కదులుతాయి. ఆ టెస్టుకి బోణీ అనే పేరు పెట్టాం, ఆయమ్మ గౌరవార్థం. పాతదాన్నే పెట్టమన్నది సారే. తన తప్పుని అలాగే ఉంచమని, ఎప్పటికీ దిద్దొద్దని రాసిచ్చారు.

ఇప్పుడు ఆయన బయటికి రావడం తగ్గింది. ఫోన్ మాత్రం చేస్తారు, సోమవారం సోమవారం, మేం పని మొదలెట్టే వేళకి.

"ఏమ్మాయ్, ఇవాళ నన్ను పట్టుకుందా?"

"పట్టుకుంది సార్."

"మంచిది. కానివ్వండి," అని పెట్టేస్తారు.